ఫ్రేము తిన్న రంగు

ఫ్రేము వెనక దిగ్గొట్టిన సన్నమేకులను పట్టకారుతో ఒక్కొక్కటే లాగుతుంటే పాత అవిసెనూనె వాసన వచ్చింది. రాజ్యలక్ష్మి గారి గరాజ్ వాసన అది. ఎన్నో శనివారాలు నాకు ఆ వాసనలోనే గడిచాయి. చివరి మేకు ఊడాక కాన్వాసును మెల్లగా పైకి లేపి, వంటింటి బల్ల మీద పరిచిన తువ్వాలుపై పెట్టాను. పెట్టీ పెట్టగానే, కాలిన గిన్నెను ముట్టుకున్నదానిలా చేతులు వెనక్కి లాక్కున్నాను. బొమ్మ పై అంచునా, రెండు పక్కలా, ఇన్నేళ్ళూ ఫ్రేము పెదవి కింద దాగిన చోట, బొటనవేలంత వెడల్పున ఆకాశం గులాబీ రంగులో మెరుస్తోంది. పట్టుచీరల కొట్లో రాణీ రంగు అంటారే, దాన్ని కాస్త నీలంలో ముంచితే వచ్చే రంగు. ఆ పట్టీకి లోపల, నేను ఏళ్ళ తరబడి చూసిన ఆకాశం ఎప్పటిలాగే బూడిద నీలంగా ఉంది. రెండింటి మధ్య గీత స్కేలు పెట్టి కోసినంత సూటిగా ఉంది.

బొమ్మ పక్కనే చిన్న పింగాణీ గిన్నెలో నేను కలిపిన రంగు ఉంది. బూడిద నీలం. దాన్ని చూసి, బొమ్మను చూసి, కుర్చీ లాక్కుని కూర్చుండిపోయాను.

ఆ బొమ్మ రాజ్యలక్ష్మి గారు వేసింది. నదిమీద ఇనప వంతెన, అవతల ఒడ్డున ఫ్యాక్టరీ పొగ గొట్టాలు, వాటి మీద సాయంత్రపు ఆకాశం. ఆవిడ పోయాక ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు ఏదో బల్ల మూల తగిలి ఆకాశం మధ్యలో గీత పడింది. రంగు లేచిపోయి కింద తెల్లటి పూత బయటపడింది. ఆవిడ కూతురు సుధ టెక్సాస్‌లో, కాపెల్‌లో ఉంటుంది. “వసు అక్కా, ఆ స్క్రాచ్ నువ్వే ఫిల్ చెయ్యి. అమ్మ హాస్పిటల్లో చెప్పింది, ఆ బొమ్మ ముందు వసుకి ఇవ్వు, తను కొలుస్తుంది అని. ఏంటో మరి. శనివారం వచ్చి హ్యాండ్ లగేజ్‌లో తీసుకెళ్తాను,” అంది ఫోన్లో. కొలవడం నా వృత్తి. న్యూజెర్సీలో ఒక పెయింట్ల కంపెనీ ల్యాబులో ఎవరైనా ఒక రంగు ముక్క తెస్తే దానికి సరిసమానంగా రంగు కలిపి ఇస్తాను. అందుకే చెయ్యవలసిన పద్ధతిలోనే చేశాను. రంగు చదివే పరికరాన్ని ఆకాశం మీద నాలుగు చోట్ల ఆనించి అంకెలు తీసుకుని, సగటు కట్టి, తెలుపూ నీలమూ నలుపూ తూకం వేసి కలిపాను. తేడా ఒకటికి లోపు ఉంటే మామూలు కన్ను పట్టుకోలేదని మా పనిలో లెక్క. నాది అందులో సగం కూడా లేదు. గర్వంగానే అనిపించింది. గీత పైఅంచు దాకా పాకిందేమో చూద్దామని మాత్రమే ఫ్రేము విప్పాను.

రాజ్యలక్ష్మి గారిని మీరెవరూ చూసి ఉండరు. పిస్కాటవేలో మేమున్న అపార్ట్‌మెంట్ల వెనక వీధిలో ఆవిడ ఇల్లు. నేను మొదటిసారి చూసినప్పుడు చీర మీద మోకాళ్ళ దాకా కోటు, కాళ్ళకు మంచు బూట్లు వేసుకుని, పేవ్‌మెంట్ మీద మడతకుర్చీలో కూర్చుని కరెంటు సబ్‌స్టేషన్ బొమ్మ వేస్తున్నారు. అప్పట్లో మా ఆయన ఉద్యోగం మీద వచ్చిన వీసా నాది, పని చేయడానికి వీల్లేదు. పగలంతా పలకరించే మనిషి లేక ఆగాను. “పార్క్ అటువైపు ఉంది కదా ఆంటీ, ఇక్కడేం వేస్తున్నారు?” అని అడిగాను. ఆవిడ తల తిప్పలేదు. “పార్క్ ఎక్కడికీ పారిపోదు. దీన్ని త్వరలో పీకేస్తారట. నువ్వేం చేస్తుంటావు?” “ఏం లేదండీ, డిపెండెంట్ వీసా.” “అయితే ఈ ట్యూబు మూత బిగించు. డిపెండెంట్లు చేస్తే అదేం ఇల్లీగల్ కాదులే.” బిగించాను. ఆ వారం నుంచి ఆవిడ గరాజ్‌కి వెళ్ళడం మొదలుపెట్టాను.

బొమ్మలు వెయ్యడం నాకు ఎప్పటికీ రాలేదు. ఆవిడకది మొదటి రోజే తెలిసిపోయింది. నాకు వచ్చింది లెక్క. ఈ నీలం ఇంత, ఆ పసుపు ఇంత అని వంటింటి తూకం మీద కొలిచి కలిపితే, నిన్నటి ఆకుపచ్చ ఈరోజు మళ్ళీ అచ్చంగా అదే వచ్చేది. ఆవిడకు అది వింతగా ఉండేది. నాకు ఆవిడ చెప్పే కబుర్లు అంతకంటే వింత. నూట యాభై ఏళ్ళ కిందటి ఫ్రెంచి చిత్రకారులంటే ఆవిడకు ప్రాణం. పారిస్ వీధులనూ రైల్వే స్టేషన్లనూ వంతెనలనూ చిన్న చిన్న కుంచె దెబ్బలతో వేసినవాళ్ళు. వాళ్ళకు ఒకరోజు హఠాత్తుగా వెలుగు కనిపించి, బయటికి వచ్చేసి వేశారని నేననుకునేదాన్ని. ఆ మాటే అంటే ఆవిడ ఖాళీ ట్యూబు ఒకటి తీసి నా ముందు పడేశారు.

“వెలుగు కాదు, ఇదీ కనిపించింది. మూత బిగిసే ట్యూబు. అంతకుముందు రంగు ఎందులో పోసి అమ్మేవారో తెలుసా? పంది మూత్రాశయంలో.”

నేను కాఫీ కప్పు కింద పెట్టేశాను. “ఛీ! ఆంటీ!”

“ఛీ ఏంటి, మూతి దారంతో కట్టేవారు. కావలసినప్పుడు గుండుసూదితో పొడిచి పిండుకోవడం. పొడిచాక మళ్ళీ మూయలేవు, ఎండిపోతుంది, సంచిలో పగిలిందా బట్టలన్నీ పాడు. దాన్ని పట్టుకుని రోడ్డు మీద ఎవడు కూర్చుంటాడు? లండన్‌లో ఉన్న ఒక అమెరికన్ పెయింటర్ విసుగెత్తి తగరంతో ట్యూబు చేశాడు. దాంతో జేబులో వేసుకుని రైలెక్కేయచ్చు. ఆ రైలూ అప్పుడే వచ్చింది. రంగులూ అప్పుడే, కొత్త నీలాలు, కొత్త ఆకుపచ్చలు, పసుపులు, అన్నీ ఫ్యాక్టరీలోంచే. కుంచెకి రేకు పట్టీ నొక్కి చదును చెయ్యడం వచ్చింది కాబట్టే ఆ చదును దెబ్బలు. కాన్వాసు కూడా తెల్లగా పూత పూసి, కొలతలకి కోసి కొట్లో అమ్మేవారు. నువ్వు బ్లౌజ్ పీస్ కొన్నట్టు.”

నాకు ఎక్కడో కోపం వచ్చింది. ఇష్టమైన దేవుడి విగ్రహం అచ్చులో పోసి చేస్తారని మొదటిసారి విన్న పిల్లలకు వచ్చేలాంటి కోపం. “అయితే గొప్పతనం ట్యూబుదేనా?” అన్నాను. ఆవిడ కుంచె తుడిచి పక్కన పెట్టారు. “ట్యూబు మనిషిని వీధిలోకి తెస్తుంది. వీధిలో ఏం చూడాలో చెప్పదు,” అన్నారు. నేను ఆ మాటను ఎన్నో చోట్ల వాడుకున్నాను. మా కంపెనీలో కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ గుర్తొస్తుంది.

ఆవిడ ఉద్యోగం కూడా రంగుల్లోనే. నది ఒడ్డున రంగుల పొడులు చేసే ఫ్యాక్టరీలో, ఎండకు ఏ రంగు నిలుస్తుందో ఏది నిలవదో చూసే విభాగంలో రిటైరయ్యేదాకా పనిచేశారు. పద్ధతి చాలా తేలిక. అట్టముక్క మీద రంగు పూసి, సగానికి రేకు చుట్టి, ఫ్యాక్టరీ మేడ మీద ఎండలో పెడతారు. నెలలు గడిచాక రేకు విప్పి, కప్పిన సగాన్నీ కప్పని సగాన్నీ పక్కపక్కన చూస్తారు. నా చేత కూడా చేయించారు. వంటింటి అల్యూమినియం రేకు చుట్టి, ఆవిడ హాల్లో దక్షిణపు కిటికీకి అతికించాం. నాకు ఆత్రం. ఓ శనివారం రేకు మూల కాస్త ఎత్తి చూడబోతే చెయ్యి మీద చటుక్కున ఒకటి వేశారు. “టెస్ట్ నడుస్తుండగా చూడకూడదు. చెప్పనూ కూడదు. చెబితే అవతలివాళ్ళ కన్ను అబద్ధం మొదలెడుతుంది.”

ఎండాకాలం చివర విప్పాం. అన్నిట్లోకీ ఒకటే నన్ను భయపెట్టింది. పత్రికల ఇంకు కోసం వాళ్ళ ఫ్యాక్టరీలో చేసిన ఎరుపు అది, పెళ్ళిపందిరిలో కట్టే గుడ్డలా ధగధగలాడేది. రేకు కింద అలాగే ఉంది. బయట సగంలో ఏమీ లేదు, వట్టి అట్ట. “ఎక్కడికి పోయింది ఆంటీ?” అన్నాను నోరు తెరిచి. “వెలుగు తినేసింది. రోజూ చూసేవాళ్ళకి తెలియదు. కొంచెం కొంచెంగా తింటుంది కదా.” తరవాత నా చేతిలోని తూకం వైపు చూసి, “నువ్వు కొలిచేది రంగుని అనుకుంటావు వసూ. మిగిలినదాన్ని కొలుస్తున్నావు,” అన్నారు. ఆ రోజు ఆ ఎరుపు పొడి ఒక చిన్న సీసాలో పోసి, నల్లకాగితం చుట్టి నాకిచ్చారు. చీకట్లో ఉంచమన్నారు. బట్టల అల్మరాలో అడుగున ఉంచాను. నాకు పని చేసే అనుమతి వచ్చాక పెయింట్ కంపెనీకి దరఖాస్తు పెట్టించిందీ ఆవిడే. నాది బీకాం అని నసిగితే, “రంగుకి నీ డిగ్రీ తెలియదులే, వెళ్ళు,” అన్నారు.

ఒకసారి నన్ను న్యూయార్క్‌లోని పెద్ద మ్యూజియానికి తీసుకెళ్ళారు. పారిస్ స్టేషనూ, మసక వెలుగులో వంతెనలూ ఉన్న గదిలో నిలబడి నేను మైమరిచిపోయాను. “ఆ మంచు ఎంత బాగుందో చూడండి ఆంటీ.”

“మంచు కాదది, పొగ. బొగ్గు పొగ. నీ కిటికీలోకి వస్తే మీ అపార్ట్‌మెంట్ల లీజింగ్ ఆఫీస్‌కి కంప్లైంట్ చేస్తావు.”

మళ్ళీ చూశాను. ఇంజను నుంచి లేచే నీలి మబ్బు, నీళ్ళ మీద పరుచుకున్న బంగారు మసక, అన్నీ ఒక్కసారిగా పొగగానే కనిపించాయి. అందులో జనం ఉన్నారు. ఊపిరి పీలుస్తున్నారు. “మా ఫ్యాక్టరీ పక్కన నది కూడా అంతే,” అన్నారావిడ మెల్లగా. “ఒకరోజు నీలంగా, ఒకరోజు ఎర్రగా పారేది. వంతెన మీద కార్లాపి ఫోటోలు తీసుకునేవాళ్ళు. నేనేమన్నా తక్కువా, బొమ్మ వేసుకున్నాను. ఆ సాయంత్రపు ఆకాశం మేము వదిలిన పొగే.” తరవాత ఆవిడ చేసిన పనికి నాకు తలవంపులయింది. చెంప గోడకు ఆనేంత దగ్గరగా వెళ్ళి, ఫ్రేముకూ బొమ్మకూ మధ్య సందులోకి తొంగిచూశారు. గార్డు పరుగున వచ్చి వెనక్కి జరగమన్నాడు. “సారీ, ఒక రంగు తప్పిపోయింది, వెతుకుతున్నాను,” అన్నారు ఇంగ్లీషులో, సీరియస్‌గా. రైల్లో అడిగితే, “వాళ్ళు కొన్న కొత్త రంగుల్లో బొగ్గుతారు నుంచి తీసిన ఎర్రలు కూడా ఉన్నాయి. కొట్లో మెరిశాయి, కొన్నారు. కొన్ని నిలవలేదు. మనం నీలం అనుకుని మెచ్చుకునేది ఒకప్పుడు ఊదా కావచ్చు. ఫ్రేము కింద ఉంటే ఉండాలి,” అన్నారు. నేను తల ఊపాను. ఆవిడ ఇంటి హాల్లో వేలాడే బొమ్మ గురించి ఆలోచించలేదు.

ఆ బొమ్మ సరిగ్గా దక్షిణపు కిటికీకి ఎదురుగా ఉండేది. రంగుల మనిషి అయ్యుండీ ఎండ పడేచోట ఎందుకు పెట్టారని నేను అడక్కపోలేదు. “అక్కడే బాగుంటుంది,” అనేవారు. ఫ్రేము ఆవిడే కోసి చేసుకున్నారు. దాని పెదవి మరీ వెడల్పు, మోటుగా ఉండేది. “ఈ ఫ్రేము బొమ్మని తినేస్తోంది ఆంటీ, కాస్త సన్నది చేయించండి.” “తిననీ. అది తిన్నది భద్రంగా ఉంటుంది.” నేను నవ్వాను. చమత్కారం అనుకున్నాను.

సుధ కాలేజీ నుంచి వచ్చినప్పుడల్లా భోజనాల దగ్గర ఒక తగువు నడిచేది. “అమ్మా, నా చిన్నప్పుడు ఆ స్కై పింక్ ఉండేది. ఐ స్వేర్.” సుధ నాన్నగారు మూర్తి అంకుల్ పప్పు వడ్డించుకుంటూ నవ్వేవారు. “నీ చిన్నప్పుడు నీకు అన్నీ పింకే తల్లీ. నీ చెప్పులు పింక్, నీ సైకిల్ పింక్, నీ నాన్న కూడా పింకే.” అందరం నవ్వేవాళ్ళం, నేనూ. సుధ నవ్వేది కాదు. ఓసారి కళ్ళలో నీళ్ళు తిరిగి, “వై డు యు గైస్ డూ దిస్? నాకు గుర్తుంది,” అని కంచం ముందు నుంచి లేచిపోయింది. రాజ్యలక్ష్మి గారు పచ్చడి గిన్నె నా వైపు జరిపారు. ఎంత మామూలుగా జరిపారంటే, ఇప్పటికీ ఆ చెయ్యి నాకు కనిపిస్తోంది.

వంటింటి బల్ల ముందు కూర్చున్న ఆ మధ్యాహ్నం ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. దక్షిణపు కిటికీ. వెడల్పు పెదవి. పత్రికల ఎరుపు. వసు కొలుస్తుంది అన్న మాట. ఆవిడ ఆ ఎరుపుతో బొమ్మ వేసి ఊరుకోలేదు, దానికి రేకు చుట్టి ఎండలో పెట్టారు. కూతురు పెరిగి పెద్దయి, పెళ్ళయి, పిల్లను కన్నంత కాలం టెస్ట్ నడిపారు. ఇన్నేళ్ళ ఓపికకు నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఆ వెంటనే లేచిపోయిన పిల్ల కంచం గుర్తొచ్చి, అంతే బలంగా కోపం వచ్చింది. పోయినవాళ్ళ మీద కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. నేను కలిపిన బూడిద నీలం గిన్నెలో తెట్టు కడుతోంది. మిగిలినదాన్ని ఎంత చక్కగా కొలిచానో! ఆ రంగు గీతలో నింపి, ఫ్రేము బిగించి ఇచ్చేసి ఉంటే సుధ జీవితమంతా తన కళ్ళనే అనుమానించుకునేది.

శనివారం సుధ వచ్చింది. కాఫీ ఇచ్చి, బొమ్మ మీద తువ్వాలు తీశాను. మాట ఏమీ చెప్పలేదు. చెప్పి ఆమె కన్నును పాడు చెయ్యకూడదనిపించింది. ఆ అనిపించడం కూడా రాజ్యలక్ష్మి గారిదేనని తెలిసి ఉలిక్కిపడ్డాను.

“వెయిట్,” అంది సుధ. వంగింది. వేలు పెట్టబోయి ఆగింది. “ఇది... అక్కా, ఇది నా పింక్.”

“అవును.”

“నువ్వు వేశావా? నన్ను హ్యాపీ చెయ్యడానికి?”

“నేను ఫ్రేము విప్పానంతే.”

ఆమె కుర్చీలో కూలబడి, ఫోన్ తీసి వీడియో కాల్ చేసింది. కాపెల్‌లో ఆమె దగ్గరే ఉంటున్న మూర్తి అంకుల్ తెర మీదికొచ్చారు. “నాన్నా, చూడు. చూడు!” ఆయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. నేను చెప్పవలసింది చెప్పాను. “అయితే ఇన్నాళ్ళూ నా ఎదురుగా కూర్చుని అన్నం తింటూ కూడా నాకొక్క ముక్క చెప్పలేదా మీ అమ్మ?” అన్నారాయన. నవ్వబోయారు. నవ్వు రాలేదు. “నేను ఎంత ఏడిపించాను తల్లీ నిన్ను,” అని ఫోను పక్కకు పెట్టేశారు. ఆ ఇంటి పైకప్పు మాత్రం కనిపిస్తూ ఉండిపోయింది.

సుధ కాల్ కట్ చేసింది. “ఎందుకు చెప్పలేదక్కా?”

“టెస్ట్ నడుస్తుండగా చెప్పకూడదు అనేవారు.”

“సో నేను టెస్టా?”

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. రెండు రోజులు ఆలోచించి పెట్టుకున్న జవాబే ఇచ్చాను. ఆ ఇంట్లో వెలుగు తగలని అంచులు రెండే ఉన్నాయి, ఒకటి ఫ్రేము కింద, రెండోది సుధ జ్ఞాపకంలో. మూర్తి అంకుల్ రోజూ చూస్తూ మారిపోయారు, నేను చూసేసరికే రంగు పోయింది. చిన్నప్పుడు చూసి, చదువుకి దూరం వెళ్ళి, తిరిగొచ్చిన కన్ను ఆమెది ఒక్కటే. అమ్మ అవునని ఒక్కసారి అని ఉంటే, ఆ గుర్తు సుధదో అమ్మదో తరవాత ఎవరికీ తెలిసేది కాదు. అంతా విని సుధ ముక్కు తుడుచుకుంది. “ఇట్స్ బ్రిలియంట్. అండ్ ఇట్స్ సో రాంగ్. తప్పు కదక్కా?”

“తప్పే,” అన్నాను. ఆవిడ గురించి ఆ మాట అనగలనని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఇంక గీత మిగిలింది. బూడిద నీలం మళ్ళీ కొత్తగా కలిపి ఒక గిన్నెలో పెట్టాను. అల్మరా అడుగు నుంచి సీసా తెచ్చి, నల్లకాగితం విప్పి, ఎరుపు పొడి అవిసెనూనెలో నూరి, నీలమూ తెలుపూ చేర్చి, అంచులోని గులాబీ రెండో గిన్నెలో చేశాను. ఎండకు చెదరని ఎర్రలు ఇప్పుడు మా ల్యాబులో బోలెడున్నాయి, కావాలంటే వాటితో కూడా చేస్తానన్నాను. సుధ రెండో గిన్నె ముట్టుకుంది. “అమ్మ రెడ్ ఇదేనా?”

“ఇదే. కానీ ఇది మళ్ళీ పోతుంది. ఇప్పుడు మచ్చలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఎండలో పెడితే కొన్నేళ్ళకి చుట్టూ ఉన్న ఆకాశంలో కలిసిపోతుంది.”

“పోనీ. ఇదే పెట్టు. మా అనుకి ఐదేళ్ళు. ఈసారి నేను చెప్తాను దానికి.”

“ఏమని?”

“ఇది పింక్ అని. పోతుంటే పోతోందని. రోజూ చెప్తా. దాని కన్ను స్పాయిల్ అయినా పర్లేదు.”

సన్నటి కుంచెతో నింపాను. త్వరగా ఆరే మందు కలిపాను కాబట్టి మర్నాటికి ఆరింది, అందాకా సుధ బొమ్మ పక్కనే కూర్చుంది. ఫ్రేము వద్దంది.

ఆ ఫ్రేము నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు ల్యాబులో ఎవరైనా పాత చెక్కముక్కో గోడపెచ్చో తెచ్చి సరిపోయే రంగు కావాలంటే, పరికరం తీసే ముందు దాన్ని తిరగేసి, మేకు కిందా మడత లోపలా వెతుకుతాను. వచ్చినవాళ్ళు విసుక్కుంటారు. ఖాళీ ఫ్రేము మా హాల్లో గోడకు ఆనించి ఉంది. మొన్న దుమ్ము తుడుస్తుంటే దాని లోపలి పెదవి మీద, బొమ్మ పచ్చిగా ఉన్నప్పుడే బిగించారేమో, సన్నని గులాబీ చార అంటుకుని కనిపించింది. పరికరం సంచిలోనే ఉంది. తియ్యలేదు. ఫ్రేమును గోడవైపు తిప్పి, చార చీకట్లో ఉండేలా పెట్టాను.